పద్దెనిమిది చుట్లు

మా వీధిలో మనుషులు లేరన్న సంగతి కరెంటు స్తంభం మీద చదివాకే నాకు తెలిసింది. అప్పుడు నా చేతిలో నీళ్ళ డబ్బా ఉంది. వెనక మా అమ్మ నీళ్ళ డ్రమ్ములున్న తోపుడుబండి నెట్టుకుంటూ వస్తోంది. ఎదురింటి ముసలాయన అరుగు మీద కూర్చుని పళ్ళు తోముకుంటున్నాడు. స్తంభానికి అంటించిన కాగితం మాత్రం చాలా మర్యాదగా మాట్లాడుతోంది. ఈ వీధిలో రెండేళ్ళుగా నీటి వాడకం సున్నా, కాబట్టి ఇక్కడ నివాసం లేనట్టే, కాబట్టి నెలాఖరున ఈ లైను మూసి, వాల్వు గుంతను కాంక్రీటుతో పూడ్చేస్తారు. అభ్యంతరాలుంటే నివాసితులు పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా తెలపాలి. నివాసితులు లేరని పై లైనులో రాసి, వాళ్ళనే అభ్యంతరం తెలపమని కింది లైనులో రాసిన ఆ మహానుభావుడెవరో నా కంటపడితే నీళ్ళ డబ్బా ఆయన నెత్తిన బోర్లించి ఉండేదాన్ని. కానీ ఆ నీళ్ళు మైలు దూరం నుంచి మోసుకొచ్చినవి.

"ఏం రాశాడే?" అంది అమ్మ.

"మనం లేమని రాశాడు."

"ఎప్పట్నించట?"

"రెండేళ్ళ నించీనట."

"మరి ఈ బండి ఎవరు నెడుతున్నారో కనుక్కో" అని అమ్మ ఆగకుండా లోపలికి పోయింది.

మాది మొక్కల నర్సరీ. ఇంటి వెనక షెడ్డులో పూల మొక్కలు, పండ్ల అంట్లు, కుండీల్లో పెంచే ఆకు మొక్కలు పెంచి అమ్ముతాం. వీధిలో మొత్తం ముప్పై ఒక్క ఇళ్ళు. ఆ లైను పోతే ముందు మా నర్సరీ పోతుంది, ఏడాది తిరక్కుండా వీధే పోతుంది. నీళ్ళ కనెక్షను లేని ఇంటికి ఇంకే కాగితమూ పుట్టదు, ఆ సంగతి ఆ నోటీసు రాసినవాళ్ళకి బాగా తెలుసు.

కాగితం అడుగున 'పని జరుపు సిబ్బంది' అన్నచోట ఒక పేరుంది. ఆ పేరుతో ఆయన్ని పిలిచేవాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు. పట్నమంతా ఆయన్ని వాల్వు మామ అంటుంది. నాకు మాత్రం నిజంగానే మామయ్య, మా అమ్మకి ఒక్కగానొక్క అన్న. ఏ వీధి లైను మూయమని ఆయనకి ఆర్డరు వచ్చిందో, ఆ వీధిలోనే, ఇప్పుడు మేముంటున్న ఇంట్లోనే, ఆయన పుట్టాడు.

మామయ్య గురించి కోపం లేకుండా చెప్పడం నా వల్ల కాదు. ఆయన చాలా మంచివాడని పదిమందీ అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. మంచితనమంటే ఎవరేం చెప్పినా "సరే సార్" అనడమే అయితే ఆయనంత మంచివాడు ఈ చుట్టుపక్కల లేడు. నలభై ఏళ్ళ నౌకరీలో ఆయన నోటివెంట వచ్చిన మాటల్లో సగం ఆ రెండే.

మా వీధి ఒకప్పుడు వీధి కాదు, ఊరు. మూడు పెద్ద బావులు, వాటి చుట్టూ కూరగాయల మడులు. పట్నం మాకు మూడు మైళ్ళ అవతల ఉండేది. దాని నడిబొడ్డున బట్టల మిల్లు, మిల్లు చుట్టూ పనివాళ్ళ ఇళ్ళు, రెండు బజార్లు. మిల్లు మూడు షిఫ్టులు నడిచే రోజుల్లో పట్నం బావులన్నీ ఉప్పుదేలిపోయాయి. అప్పుడు ఆఫీసర్లు మా ఊరు వెతుక్కుంటూ వచ్చారు. మా బావి నీళ్ళు దోసిళ్ళతో తాగి, చొక్కాలు తడుపుకుని, ఇంత తియ్యటి నీళ్ళు ఎక్కడా లేవన్నారు. అమ్మ అప్పుడు పదేళ్ళ పిల్ల. ఆ తడిసిన చొక్కాలు ఆమెకి ఇప్పటికీ గుర్తే. మా పెద్దవాళ్ళు ఉబ్బితబ్బిబ్బైపోయి మూడు బావులూ రాసిచ్చేశారు. బదులుగా పట్నం రెండు మాటలిచ్చింది. పట్నంలో కట్టే ట్యాంకు నుంచి మా ఊరికి ఎప్పటికీ ఒక లైను ఉంటుంది, నీళ్ళు వదిలే వేళ దాని వాల్వు పూర్తిగా తెరుస్తారు. ఊళ్ళో ఒకరికి నీళ్ళ శాఖలో ఉద్యోగం ఇస్తారు. ఆ ఉద్యోగం కోసం ఐదుగురు ఎగబడ్డారు. వాళ్ళల్లో వాళ్ళు కొట్టుకుంటుంటే, నోట్లో నాలుక లేని పంతొమ్మిదేళ్ళ మామయ్యకి అది వచ్చి ఒళ్ళో పడింది. ఆయన మీద ఎవరికీ అభ్యంతరం లేకపోయింది.

పని నేర్పింది రిటైరవబోతున్న ఒక పెద్దాయన. ఆయనకి చెవుడు. వాల్వు తిప్పే మనిషి ఎత్తు ఇనుప కడ్డీని, తాళం అంటారు దాన్ని, గుంతలోకి దించి, వాల్వు తల మీద బిగించి, పై కొనకి తన దవడ ఆనించేవాడట. పైపులో నీళ్ళు పారుతుంటే ఆ అదురు పళ్ళకి తెలుస్తుందనేవాడు. మామయ్యకి చెవులు బాగానే ఉన్నాయి కాబట్టి చెవి ఆనించడం నేర్చుకున్నాడు. ఇంకో అలవాటు కూడా ఆ పెద్దాయన దగ్గరే అబ్బింది. ఏ వాల్వుని ఎన్ని చుట్లు తెరవాలో దాని గుంత మీది ఇనుప మూత లోపలివైపు తెల్ల పెయింటుతో రాసుకోవడం. "మూత పైన రాస్తే బండ్ల కింద అరిగిపోద్ది. కాగితం మీద రాస్తే ఆఫీసుకి పోద్ది. లోపల రాస్తే నీకూ వాల్వుకీ తప్ప మూడోవాడికి తెలీదు" అన్నాడట. మా వీధి మూత లోపల మామయ్య రాసిన మొదటి అంకె పద్దెనిమిది. అంటే పూర్తిగా తెరిచినట్టు.

తాళం సైకిలుకి కట్టుకుని, తెల్లారేసరికి ఒక్కో వీధీ తిరిగి వాల్వులు తెరిచేవాడు, రెండు గంటల తర్వాత అదే వరసలో తిరిగి మూసేవాడు. పట్నం గురించి ఆయనకి తెలిసినంత ఎవరికీ తెలీదు. చెవి ఆనించి ఫలానా వీధిలో పసిబిడ్డ పుట్టింది అనేవాడు. ఏ ఇంట్లో పొద్దున్నే బకెట్లు బకెట్లు గుడ్డలు ఉతుకుతున్నారో వినపడేదట. మిల్లు మూతపడిన సంగతి పేపరులో వచ్చిన రోజు, "నెల నించీ ఐదింటి చప్పుడు లేదు, నేననుకుంటూనే ఉన్నా" అన్నాడు. ఐదింటికి మిల్లు పనివాళ్ళు స్నానాలు చేసేవాళ్ళు. ఆ తర్వాత రెండేళ్ళలో మిల్లు వీధులు ఒక్కొక్కటే చప్పబడ్డాయి. టీ దుకాణాలు పోయాయి, మంగలి షాపు పోయింది, ఇళ్ళకి తాళాలు పడ్డాయి. ఇంకోపక్క కొండ మీద కాలనీలు మొలుచుకొచ్చాయి. పట్నం ఒక పక్క ఎండుతూ ఇంకో పక్క ఉబ్బడం నేను రోడ్ల మీద చూశాను, ఆయన ఇనుప కడ్డీలో విన్నాడు. ఇంత తెలిసిన మనిషి ఆఫీసులో ఎవరితోనైనా ఒక్క మాట అన్నాడా? అడగలేదుగా, అంటాడు.

నాకు ఏడేళ్ళప్పుడు ఆయన పక్కన కూర్చుని మా వీధి మూత లోపల చూశాను. పద్దెనిమిది మీద గీత ఉంది. దాని కింద పదిహేడు, పక్కన చిన్నక్షరాలతో 'ఆసుపత్రి'. దాని మీదా గీత. పదహారు, 'క్వార్టర్లు'. పదిహేను, 'కొండ కాలనీ'. అలా పన్నెండు దాకా వచ్చింది.

"ఇదేంటి మామయ్యా?"

"సార్లు ఎప్పుడు కొత్త కాలనీకి లైను ఇచ్చినా, చివరి వీధి వాల్వు ఒక చుట్టు తగ్గించమంటారు. తగ్గిస్తా."

"మరి మనకి నీళ్ళు తగ్గవూ?"

మామయ్య అటూ ఇటూ చూసి నా చెవిలో చెప్పాడు. ఆయన అంత హుషారుగా మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు. "మొదటి ఐదారు చుట్లలోనే నీళ్ళన్నీ వచ్చేస్తాయమ్మాయ్. పైన పన్నెండూ ఉత్తుత్తివే. ఆ సంగతి సార్లకి తెలీదు. వాళ్ళు తీయమంటారు, నేను తీస్తా. వాళ్ళకీ సంతోషం, మనకీ చుక్క తగ్గదు."

ఇంటికొచ్చి అమ్మకి చెబితే పడీపడీ నవ్వింది. "మా అన్నయ్య అమాయకుడనుకున్నాను, ఆఫీసర్లనే బురిడీ కొట్టిస్తున్నాడే" అని వీధంతా చెప్పుకుంది. నిజం చెప్పాలంటే అందరం మురిసిపోయాం. పట్నం మా దగ్గర ఏదో తీసుకుంటున్నాననుకుంటోంది, తీసుకున్నది గాలి. అప్పుడు మాలో ఒక్కరికైనా బుర్ర పనిచేయలేదు. ఉత్తుత్తివైనా సరే, ఆ చుట్లు మావి. అడిగి తీసుకుపోవడం వాళ్ళకి అలవాటు చేశాం, "సరే సార్" అనడం ఆయన అలవాటు చేసుకున్నాడు.

ఆ తర్వాత మా మూడు బావుల్నీ పట్నం మట్టితో పూడ్చేసింది. దూరం నుంచి నది నీళ్ళు తెచ్చుకున్నారు, మా బావులతో పనిలేదు. మడులు ప్లాట్లయ్యాయి. ఇళ్ళు కట్టలేదు, తెల్లరాళ్ళు పాతి వదిలేశారు. ఆ ప్లాట్ల సొంతదారులు ఏడాదికోసారి కార్లలో వచ్చి తమ రాళ్ళు తమ చోటే ఉన్నాయో లేదో చూసుకుని పోతారు. మా వీధి ఆ రాళ్ళ మధ్యలో మిగిలింది. దూరం నుంచి చూసేవాడికి ఇక్కడ మనుషులున్నారని అనిపించకపోవడంలో వింతేం లేదు.

నీళ్ళు తగ్గడం రెండేళ్ళ కిందట మొదలైంది, అదీ ఉన్నట్టుండి. ఒక నెల మామూలుగా వచ్చాయి, ఇంకో నెల బిందె నిండటానికి అరగంట, ఆ పై నెల నుంచి రెండు గంటలకి సగం బిందె. అమ్మ మామయ్యని అడిగింది. ఆయన తలొంచుకుని, "పైపు పాతబడింది చెల్లీ. లోపల తుప్పు" అన్నాడు. పాపం తనేం చేస్తాడులే అని అమ్మే ఆయన్ని ఓదార్చి పంపింది. సరిగ్గా అప్పుడే వీధి మొదట్లో ఒక పెద్ద మీటరు బిగించారు. ఆ మీటరు ముల్లు కదలాలంటే పైపులో కాస్తో కూస్తో ఉరవడి ఉండాలి. మా ముప్పై ఒక్క ఇళ్ళకీ బొట్లు బొట్లుగా పాకే నీళ్ళని అది లెక్కలోకే తీసుకోదు. నెలనెలా మీటరు చూసే మనిషి వచ్చి, అరుగుల మీద కూర్చున్న మమ్మల్ని పలకరించి, కుశలమడిగి, కార్డు మీద సున్నా రాసుకుని పోయేవాడు.

నేను ఆఫీసు చుట్టూ కాళ్ళరిగేలా తిరిగాను. కౌంటరులో ఆమె కంప్యూటరు చూసి, "మీ వీధిలో వాడకమే లేదమ్మా. వాడకం లేనిచోట నీళ్ళు రావట్లేదని ఫిర్యాదు ఎలా తీసుకోమంటారు?" అంది.

"నీళ్ళు రాకపోతే ఎలా వాడతామండీ?"

"వాడితే కదా రాలేదని తెలిసేది" అంది. ఆమె వేళాకోళమేం చేయలేదు, మనస్ఫూర్తిగానే అంది. నా ఒళ్ళు మండిపోయింది. గోడకి చెప్పుకున్నా కాస్త చల్లదనం తగిలేది.

ఈ రెండేళ్ళలో మా షెడ్డు సగమైంది. పూల మొక్కలు వదిలేశాం. ఎక్కువ నీళ్ళు అడగని ముళ్ళ మొక్కలు, మందపాటి ఆకుల మొక్కలు మిగిలాయి. కొండ కాలనీ నుంచి కార్లలో వచ్చి వాటినే కొనుక్కుపోతారు. "వీటికి రోజూ నీళ్ళు పోయాలాండీ?" అని అడుగుతారు. "మీకేమండీ, పోసుకోండి" అంటుంది అమ్మ.

కాగితం అంటించిన సాయంత్రమే నేను మామయ్య దగ్గరికి వెళ్ళాను. ట్యాంకు వెనక ఒక గది ఆయనది. అత్తయ్య పోయినప్పటి నుంచి ఒక్కడే ఉంటున్నాడు. మంచం మీద కూర్చుని తాళం కొనకి గ్రీజు రాస్తున్నాడు.

"మా వీధి మూయమన్నారటగా. మూస్తావా?"

"ఆర్డరు వచ్చింది అమ్మాయ్."

"వస్తే? అక్కడ మనుషులున్నారని చెప్పలేదా?"

"సార్ కొత్తాయన. మీటరు చూపించాడు."

"మీటరు సంగతి తర్వాత. ఇన్నేళ్ళ తుప్పు సరిగ్గా రెండేళ్ళ కిందటే ఎందుకు అడ్డం పడింది? మూత లోపల ఇప్పుడెంతుంది మామయ్యా?"

ఆయన గుడ్డతో గ్రీజు తుడిచాడు, మళ్ళీ రాశాడు.

"ఎంత?"

రెండు వేళ్ళు చూపించాడు.

తుప్పు లేదు, పైపు పాతబడలేదు. ఈయన ఒక్కో చుట్టే తీసుకుంటూ ఉత్తుత్తివన్నీ దాటి, అసలైన వాటిలోకి దిగిపోయాడు. అలవాటైన చెయ్యి ఆరు దగ్గర ఆగలేదు.

"ఆఖరి చుట్టు ఎవరికిచ్చావ్?"

"మిల్లు స్థలంలో అపార్టుమెంట్లు కట్టారుగా..."

"అక్కడ మనుషులు తాగడానికా?"

"ఈతకొలను" అన్నాడు గోడవైపు చూస్తూ.

ఆ గదిలో నేను అన్న మాటలన్నీ ఇక్కడ రాయను. ఇరుగుపొరుగు వచ్చి చూశారు. ఆయన ఒక్క మాటకీ ఎదురు చెప్పలేదు. ఎదురు చెప్పి ఉంటే నాకు కాస్త శాంతిగా ఉండేదేమో. వచ్చేస్తుంటే మాత్రం, "ఆరు దాకా మీకేం కాలేదు. ఏం కాకుండా తీయడం నాకు తెలుసనుకున్నా" అన్నాడు. నేను తలుపు వేసి వచ్చేశాను.

అమ్మకి చెప్పాను. కత్తెరతో ఆకులు కత్తిరిస్తున్నది ఆగింది.

"రెండా?"

"రెండు."

"తుప్పన్నాడు."

"అవును."

మళ్ళీ కత్తిరించడం మొదలుపెట్టింది. ఆ రోజు ఆమె కత్తిరించాల్సినదానికంటే ఎక్కువే కత్తిరించింది. మర్నాడు మామయ్య తాళంతో మా వీధికి వచ్చినప్పుడు ఆమె ఇంట్లోకి వెళ్ళి తలుపేసుకుంది. ఆ మర్నాడూ అంతే. పది అడుగుల దూరంలో అన్న గుంత మీద వంగి ఉంటే, చెల్లెలు కిటికీ రెక్కలు మూసేది. మేము ముప్పై ఒక్క ఇళ్ళవాళ్ళమూ సంతకాలు పెట్టి అభ్యంతరం ఇచ్చాం. నివాస ధ్రువీకరణ కింద ఇటీవలి నీటి బిల్లు జతచేయమని వెనక్కి పంపారు. సున్నా వాడకానికి బిల్లు ఎవరిస్తారు?

నెలాఖరు రోజు పొద్దున్నే జీపు వచ్చింది. ఇంజనీరు యువకుడు, ఇస్త్రీ చొక్కా. వెనక చిన్న లారీలో సిమెంటు, కంకర, ఇద్దరు పనివాళ్ళు. మీటరు చూసే మనిషి కూడా వచ్చాడు. మామయ్య సైకిలు మీద అందరికంటే ముందే వచ్చి, రోజూలాగే రెండు చుట్లు తెరిచి, గుంత పక్కన నిలబడి ఉన్నాడు. వీధి వీధంతా బయటికొచ్చింది.

ఇంజనీరు మమ్మల్ని చూసి బిత్తరపోయాడు. "ఇంతమంది ఎక్కణ్ణుంచి వచ్చారండీ?"

"ఇళ్ళల్లోంచి" అన్నాడు ఎదురింటి ముసలాయన.

నేను ముందుకెళ్ళి మీటరు సంగతి చెప్పాను. బొట్లు బొట్లుగా వస్తే ముల్లు తిరగదని, కావాలంటే ఇప్పుడే బకెట్టు పెట్టి చూడమని. ఆయన వినలేదని చెప్పను. విన్నాడు. విని, "మీరు చెప్పేది నిజమే కావచ్చు. కానీ రికార్డులో లేదు కదా. ముందు పని పూర్తి కానివ్వండి, తర్వాత పిటిషను పెట్టుకోండి" అన్నాడు. పీక కోసేశాక మందు రాసిస్తానన్నట్టుంది. నేను నోరు తెరిచేలోపు మామయ్య గడ్డపార అందుకున్నాడు.

ఈ మనిషి ఇవాళ కూడా సరే సార్ అంటాడు అనుకున్నాను.

మామయ్య గడ్డపారతో మూత లేపాడు. నలభై ఏళ్ళుగా ఆ మూతని ఎప్పుడు లేపినా రాసినవైపు నేలకి ఆనేట్టు పక్కన పెట్టడం ఆయన పద్ధతి. ఇవాళ రెండు చేతులా ఎత్తి, వెల్లకిలా తిప్పి, జీపు ముందు ఎండలో పెట్టాడు.

"చదవండి సార్" అన్నాడు.

ఇంజనీరు వంగాడు. పైనుంచి కిందదాకా తెల్ల అంకెలు, అన్నిటి మీదా గీతలు, ఒక్క చివరిదాని మీద తప్ప. ఆయన చదవడం లేదని మామయ్యే చదివాడు. పద్దెనిమిది. పదిహేడు, ఆసుపత్రి. పదహారు, క్వార్టర్లు. ఒక్కో కాలనీ పేరూ, ఒక్కో అపార్టుమెంటు పేరూ. ఆరు, కార్ల షోరూము. ఐదు, కొండ కాలనీ రెండో భాగం. నాలుగు, పార్కులో ఫౌంటెను. మూడు, క్లబ్బు. రెండు, ఈతకొలను. ఆ గొంతు అంత పెద్దదని మాలో ఎవరికీ తెలీదు.

"మనుషులు లేక ఇక్కడ నీళ్ళు ఆగలేదు సార్" అన్నాడు. "ఆపింది నేను. ప్రతి చుట్టూ ఈ చేత్తోనే తీశా. తీయమన్న సార్లు బదిలీలై పోయారు, నేనున్నా. ఎవరినైనా లేరని రాయాలంటే నన్ను రాయండి."

తర్వాత తాళం గుంతలోకి దించాడు. ఇంజనీరు "ఏం చేస్తున్నావయ్యా, ఆగు" అంటూనే ఉన్నాడు. మామయ్య తిప్పుతున్నాడు. మూడు. నాలుగు. ఎన్నాళ్ళుగానో తిరగని మర కీచుమంది. ఆరు దగ్గర పైపులో గాలి బుసకొట్టింది. తొమ్మిది దగ్గర మా ఇంటి ముందు కుళాయి దగ్గి, ఎర్రటి బురద కక్కింది. ముసలాయన లోపలికి పరిగెత్తి బకెట్టు తెచ్చాడు. పద్దెనిమిది దగ్గర తాళం గట్టిగా ఆగిపోయింది. ఎరుపు పోయి, తెల్లగా, లావుగా, రాతిపలక మీద చప్పుడు చేస్తూ నీళ్ళు పడ్డాయి. మీటరు ముల్లు గిర్రున తిరిగింది. మీటరు చూసే మనిషి చేతికి ఉన్న అలవాటు కొద్దీ చటుక్కున కూర్చుని కార్డు మీద రాసుకోవడం మొదలుపెట్టాడు.

పది నిమిషాలు గడవకముందే ఇంజనీరు ఫోను మోగింది. కొండ కాలనీ నుంచి. షవరులో ధార సన్నబడిందట. ఆ వెంటనే ఇంకోటి, క్లబ్బు నుంచి. రెండేళ్ళు మేము నోరు నొప్పెట్టేలా అరిచినా రాని ఫిర్యాదు నంబరు వాళ్ళకి అక్కడికక్కడే ఇచ్చాడు. అది నా చెవులారా విన్నాను.

"ముందు అది మూసేయ్!" అని ఇంజనీరు కేకేశాడు.

మామయ్య తాళం బయటికి లాగి సైకిలుకి కట్టాడు. మూతని గుంత మీద సరిగ్గా అమర్చాడు. దాని మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"లే!"

"మోకాళ్ళ నొప్పులు సార్" అన్నాడు మామయ్య. "కూర్చుంటే లేవలేను."

పనివాళ్ళిద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని సిమెంటు బస్తాల మీద చతికిలబడ్డారు. మధ్యాహ్నం దాకా చూసి జీపు వెళ్ళిపోయింది, లారీ కూడా.

ఇది జరిగి ఇరవై రోజులైంది. మామయ్యని సస్పెండు చేశారు. ఇంకో ఐదు నెలల్లో రిటైరవ్వాల్సిన మనిషి. తాళం అప్పజెప్పమని రెండుసార్లు కాగితం పంపారు, ఇవ్వలేదు. మా లైను సంగతి పరిశీలనలో ఉందట. మీటరు తిరిగింది కాబట్టి మేము ప్రస్తుతానికి ఉన్నట్టే. కొండ కాలనీవాళ్ళు మా మీద పిటిషను పెట్టారు. అందులో మమ్మల్ని 'కొందరు వ్యక్తులు' అన్నారు, సంతోషం, సున్నా కంటే నయమే. ఎప్పుడు ఏ జీపు వస్తుందో తెలియదు కాబట్టి మామయ్య పొద్దున్నే వచ్చి పొద్దుపోయేదాకా ఆ మూత మీదే కూర్చుంటున్నాడు. ఎవరో కుర్చీ ఇచ్చారు. వీధిలోవాళ్ళు ఆయనకి తిండి పెడుతున్నారు, మాట్లాడుతున్నారు, మంచివాడంటున్నారు. నేను అనను. నాకింకా కోపం పోలేదు. ఆ మూత రెండేళ్ళ కిందటే తిప్పి పెట్టి ఉంటే, మా షెడ్డులో పూల మొక్కలుండేవి.

అమ్మ మొదటి రెండు రోజులూ కిటికీ తెరవలేదు. మూడో రోజు ఒక స్టూలు చంకన పెట్టుకుని బయటికి వచ్చింది. ఆయన ఎదురుగా నిలబడింది. మామయ్య తలెత్తలేదు.

"ఎన్ని చుట్లున్నాయి?"

"పద్దెనిమిది, చెల్లీ."

"మూత తియ్యి."

"నిజంగానే..."

"తుప్పని కూడా నిజంగానే అన్నావు. తియ్యి."

మామయ్య కుర్చీ పక్కకి జరిపి, మోకాళ్ళు పట్టుకుని లేచి, మూత ఎత్తి, తాళం దించాడు. ఇంకా తెరవడానికి తిప్పబోయాడు, తిరగలేదు. అమ్మ ఆయన చేతులు తప్పించి తన చేతులు వేసింది. బలం కొద్దీ తిప్పి చూసింది. తిరగలేదు. తాళం ఆయనకిచ్చేసి, ఆయన మూత వేసేదాకా ఆగి, తన స్టూలు ఆయన కుర్చీ పక్కన వేసింది.

"జరుగు" అంది.

మామయ్య జరిగాడు. అప్పటి నుంచి రోజూ ఇదే వరస. అమ్మ స్టూలుతో వస్తుంది, ఆయన లేచి మూత తీస్తాడు, అమ్మ తాళం పట్టుకుని తిప్పి చూసుకుంటుంది. ఆ తర్వాతే ఆయన పక్కన కూర్చుంటుంది.